సగానికి దిగిన రెండో నంబరు బ్యాటరీ

మా కాలేజీలో ఇప్పటికీ ఒక కథ తిరుగుతోంది. దసరా ఆయుధపూజలో అమ్మవారి పటానికి ఆనించి పెట్టిన బ్యాటరీ ఒక్కటే క్షేమంగా ఉందనీ, కాస్త ఎడంగా పెట్టిన రెండూ ఉబ్బిపోయాయనీ, ఆ ఒక్క బ్యాటరీతోనే మా కాలేజీ పిల్ల రిమోట్ కార్ల రేసులో ఫస్టు కొట్టుకొచ్చిందనీ. మొన్న రైతుబజారులో కలిసిన ఒక కుర్ర లెక్చరరు, నేనూ ఆ కాలేజీలోనే పనిచేశానని తెలిసి, వంకాయలు ఏరుకుంటూ ఈ కథ నాకే వినిపించాడు. నేనూ వంకాయలు ఏరుకుంటూనే మొత్తం విన్నాను. విన్నాక, "బాబూ, మూడు బ్యాటరీలూ పటానికి ఆనించే పెట్టారు. పెట్టింది నేనే. మేం ఫస్టు రాలేదు, నాలుగో స్థానంలో వచ్చాం. ఇక ఆ రెండూ ఎందుకు ఉబ్బాయంటావా, నా నోటిదురుసు వల్ల," అన్నాను. పాపం, అతను ఏరిన వంకాయలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరే మీకు ఇలాంటి కథలు ప్రతి చోటా ఎదురవుతాయి. కథ బాగుందని తల ఊపేయకండి. మొదట చెప్పింది ఎవరో కనుక్కోండి. నేను కనుక్కున్నాను కాబట్టే చెబుతున్నాను.

నేను లెక్చరర్ని కాను. బీఎస్సీ ఫిజిక్సు చదివి, శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీ ఎలక్ట్రికల్ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. ఇరవై రెండేళ్ళు అక్కడి మీటర్లకీ, మోటార్లకీ, అన్నిటికంటే ఎక్కువగా సీసం బ్యాటరీలకీ కాపలా కాశాను. వాటిలో డిస్టిల్డ్ వాటరు పోయడం, టెర్మినళ్ళ మీద తెల్లగా పూసిన ఉప్పు గోకడం, రోజూ నిండా చార్జింగు పెట్టడం, ఇదీ నా విద్య. మోకాళ్ళు మొండికేయడంతో రిటైర్మెంటు వయసుకి ముందే మానేశాను.

రెండువేల పదుల మధ్యలో అనుకోండి. ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి చేతిలో ఒక కరపత్రంతో ల్యాబుకి వచ్చింది. విజయనగరం దగ్గర ఒక కాలేజీలో రిమోట్ బగ్గీల రేసు. బగ్గీ అంటే మనిషి ఎక్కేది కాదు, మూరెడు పొడవుండే కారు. మట్టి ట్రాకు మీద ఎగురుతూ దూకుతూ పోతుంది, పక్కన మంచె మీద నిలబడి రిమోట్‌తో నడపాలి. ఆ అమ్మాయి నాన్నది సాలూరు, లారీ డ్రైవరు.

"నీకెందుకే ఇది? ప్రాజెక్టు చూసుకోక," అన్నాను.

"మేడం, సిన్నప్పట్నుంచి లారీ క్యాబిన్లో కూకున్నాను. ఎప్పుడు గేరు మారస్తారో కళ్ళు మూసుకున్నా సెప్తాను. మా తమ్ముడికి పదేళ్ళకే స్టీరింగిచ్చాడు మా నాన్న. నన్ను ముట్టుకోనివ్వడు. ఒక్కసారి ఏదో ఒకటి నడపాలి మేడం. అది మూరెడుంటేనేటి?"

కరపత్రం ఆమె చేతిలోంచి తీసుకుని ఆ రోజే ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్ళాను.

అక్కడ మెకానికల్ వర్క్‌షాపు సూపరింటెండెంటు గారు ముందే కూర్చుని ఉన్నారు. విజయనగరం మనిషి, రిటైర్మెంటుకి నాలుగైదేళ్ళ దూరంలో ఉన్నారు. లేత్ మిషను మీద చెయ్యి వేస్తే దాని జబ్బు చెప్పగలరు. నాతో మాత్రం పడదు. ఆయన్ని ఇకనుంచి సార్ అంటాను, నేను ఎదురుగా కూడా అలాగే అనేదాన్ని, గొంతు మాత్రం వేరేగా ఉండేది.

"సక్రాలున్నాయంటే అది మెకానికల్ది మేడం," అన్నారు సార్.

"మోటారుందంటే ఎలక్ట్రికల్ది సార్. చక్రాలు తోపుడుబండికీ ఉంటాయి."

ప్రిన్సిపాలు మా ఇద్దరి మధ్యా పదేళ్ళుగా నలిగిన మనిషి. ఒక కారు కొనడానికి ఒప్పుకుని, షరతు పెట్టాడు. ఈ ఏడాది ఎలక్ట్రికల్ వాళ్ళు రేసులో దిగాలి. దిగలేకపోతే కారు వర్క్‌షాపుకి ఇచ్చేస్తారు, వచ్చే ఏడాది మెకానికల్ కుర్రాళ్ళు నడుపుతారు. ఆ అమ్మాయికి వచ్చే ఏడాది అనేది లేదు. ఆఖరి సంవత్సరం. దిగితే ఇప్పుడు దిగాలి, లేకపోతే మళ్ళీ క్యాబిన్లో పక్క సీటే.

కొనడం అంటే కొట్టుకెళ్ళి తెచ్చుకోవడం అనుకునేవాళ్ళు నాకు నచ్చరు. మూడు వారాలు నేనూ ఆ అమ్మాయీ ల్యాబు కంప్యూటరు ముందు తలలు ఆనించి కూర్చున్నాం. సార్ తలుపు దగ్గర నిలబడి సలహాలు విసిరేవారు. ఆయన మొదటి సలహా, కరెంటుది వద్దు, ఇంధనం పోసే ఇంజను బండి కొనమని.

"సౌండుండాలి మేడం. సౌండు లేకపోతే అదేటి రేసు? బొమ్మకారు."

"సౌండుతో నడిచేది స్టాఫ్ మీటింగొక్కటే సార్."

ఇంజను బండ్లకి వేరే విభాగం ఉందనీ, మేం దిగబోయేది కరెంటు బండ్ల విభాగమనీ కరపత్రంలోనే రాసుంది. ఆయన చదవలేదు. అయినా ఆ రోజు నుంచి ఆ కారుని ఆయన బొమ్మకారు అనే పిలిచారు.

తరువాతి తగువు నాకూ ఆ అమ్మాయికీ. నాలుగు చక్రాలూ తిరిగే బగ్గీ కొనాలా, వెనక రెండే తిరిగేదా? నాలుగు తిరిగేది మట్టిని బాగా పట్టుకుంటుంది, మలుపులో జారదు. అమ్మాయికి అదే కావాలి. నాకు దాని బొమ్మలో భాగాలు లెక్కపెడుతుంటేనే నీరసం వచ్చింది. ఎక్కువ గేర్లు, ఎక్కువ విరిగేవి, పైగా కరెంటు ఎక్కువ తాగుతుంది. చివరికి ఒక ప్రశ్న అడిగాను.

"సాలూరు ఘాటులో వానపడ్డప్పుడు లారీ వెనక చక్రం జారితే మీ నాన్న ఏం చేస్తాడు?"

"యాక్సిలేటరు మీంచి కాలు తీసేస్తాడు. బ్రేకు కొట్టడు. నెమ్మదిగా దానంతటదే సర్దుకుంటాది."

"మరి లారీకి తిరిగేవి వెనక చక్రాలేగా? ఎలా నడపాలో నీకు తెలిసిన బండి ఉండగా తెలియనిది ఎందుకు?"

ఆ అమ్మాయి ఆలోచించింది. "మేడం, మీరు తగువులో గెలవడానికి అన్నారా, నిజంగా అన్నారా?" అంది. నిజంగానే అన్నాను. వెనక చక్రాల బగ్గీయే కొన్నాం.

ఇక బ్యాటరీ. నికెల్ రకం పాతది, బరువు ఎక్కువ, కానీ మొండిది, ఎలా వాడినా పడుంటుంది. లిథియం రకం తేలిక, శక్తి ఎక్కువ, కానీ అలక ఎక్కువ. ఎక్కువ నింపినా పాడవుతుంది, మరీ ఖాళీ చేసినా పాడవుతుంది. రేసులో అందరూ వాడేది లిథియమే. నేను ఇరవై ఏళ్ళుగా మోసింది ఇద్దరు పట్టుకుంటే గాని లేవని సీసం బ్యాటరీల్ని. అరచేతిలో పట్టే ప్యాకెట్టు ఒక మోటారుని అంత దూకుడుగా తిప్పగలదంటే నమ్మబుద్ధి కాలేదు. అందుకని ముందు ఒక్కటే తెప్పించి పరీక్ష పెట్టాం.

పరీక్షకి లోడు, అంటే కరెంటు తాగే వస్తువు, కావాలి. ఆ అమ్మాయి వారాంతానికి ఇంటికెళ్ళి, నాన్న లారీ టూల్ బాక్సులోంచి రెండు హెడ్‌లైటు బల్బులు తెచ్చింది. బ్యాటరీకి వాటిని కలిపి, గడియారం పక్కన పెట్టి, అవి మసకబారే దాకా పది నిమిషాలకోసారి మీటరు చూశాం. అంత చిన్న ప్యాకెట్టు రెండు లారీ బల్బుల్ని అరగంట దాటాక కూడా మొదట ఉన్నంత వెలుగుతోనే వెలిగిస్తుంటే నేను టీ తాగడం మర్చిపోయాను. లేబులు మీద సామర్థ్యం ఐదు వేల మిల్లీయాంపియర్ అవర్లని ఉంది. మా లెక్కలో నాలుగు వేల ఆరువందలు తేలింది. నేను మండిపడ్డాను. అమ్మాయి మాత్రం నవ్వింది.

"నాలుగొందలే కదా మేడం తగ్గింది. కొన్ని బంకుల్లో డీజిలు ఇంకా ఎక్కువే తగ్గుతాది."

ఇంకో రెండు తెప్పించాం. రేసులో రెండు అర్హత పరుగులు, ఒక ఫైనలు. పరుగుకొకటి లెక్కన మూడు ఉండాలని నేనే పట్టుబట్టాను. ఒక పరుగుకి నిజంగా ఎంత ఖర్చవుతుందో కొలవచ్చు కదా అని అప్పుడు నాకు తట్టలేదు. మూడింటి మీదా మార్కరుతో ఒకటి, రెండు, మూడు అని రాశాను. కారు బిగించి, ఒక సాయంత్రం గ్రౌండులో ఒక రౌండు తిప్పేసరికి దసరా సెలవులు దగ్గరపడ్డాయి. సెలవుల తరువాత కాలేజీ తెరిచిన వారంలోనే రేసు.

మా కాలేజీలో ఆయుధపూజ వర్క్‌షాపు రేకుల షెడ్డులో జరుగుతుంది. అన్ని డిపార్టుమెంట్ల పనిముట్లూ అక్కడికే తెస్తారు. పూజలో పెట్టిన వస్తువుని విజయదశమి వెళ్ళేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఈ నియమం సార్ పెట్టింది. ఆ షెడ్డులో ఆయన మాటే శాసనం. ఒక ఏడాది పూజలో ఉన్న స్క్రూడ్రైవరు ఎవడో తీశాడని ఆయన మూడు రోజులు వాడితో మాట్లాడలేదు.

నాకూ ఒక నియమం ఉంది. పూజలో పెట్టే బ్యాటరీ నిండా చార్జింగుతో ఉండాలి. మా ల్యాబులో ఇరవై ఏళ్ళుగా ఇదే ఆనవాయితీ. సీసం బ్యాటరీకి అది మంచిది కూడా, నిండుగా ఉంచితేనే దానికి ఆయుష్షు. కారుని నూలుగుడ్డతో తుడిచి, చక్రాల గాడుల్లో మట్టి పుల్లతో తీసి, మూడు బ్యాటరీలూ షెడ్డులోనే చార్జరుకి పెట్టాను. అమ్మాయి పక్కన నిలబడి ఫోనులో ఏదో చదువుతోంది.

"మేడం, వీటిని వాడకుండా ఉంచాల్సొస్తే సగమే ఉంచాలంట. నిండుగా వదిలేస్తే ఉబ్బుతాయంట. ఎండలో అయితే మరీనంట. ఇక్కడ రాసుంది, సూడండి."

పక్కనే సార్ లేత్ మిషనుకి నూనె రాస్తున్నారు. ఇంకో నలుగురు కుర్రాళ్ళు మామిడి తోరణం కడుతున్నారు. అంతమంది ముందు, ఇరవై ఏళ్ళు బ్యాటరీలతో గడిపిన నన్ను, నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్ల సరిదిద్దుతోంది.

"సగం గిన్నె పాయసం అమ్మవారికి నైవేద్యం పెడతామా? ఫోనులో నాలుగు ముక్కలు చదివి నాకు బ్యాటరీ పాఠం చెప్పకు. బొట్టు పెట్టు, పో," అన్నాను.

కుర్రాళ్ళు నవ్వారు. అమ్మాయి ఫోను లోపల పెట్టుకుని, మూడింటికీ బొట్టు పెట్టింది. నేను వాటిని వరసగా అమ్మవారి పటానికి ఆనించాను. మూడూ. మళ్ళీ చెబుతున్నాను, మూడూ ఆనించే ఉన్నాయి. షెడ్డుకి తాళం వేశారు. ఆ తాళానికి చెవులు రెండే. ఒకటి నా గుత్తిలో, ఒకటి సార్ జేబులో.

సెలవుల్లో ఎండ పేల్చేసింది. వానలు వెళ్ళిపోయాక వచ్చే ఆ ఉక్క మీకు తెలిసిందే. నేను పది రోజులూ ఇంట్లో పిండివంటలతో కుస్తీ పట్టాను, షెడ్డు వైపు పోలేదు.

కాలేజీ తెరిచిన సోమవారం పొద్దున్నే నేనూ, అమ్మాయీ, సార్ కలిసి షెడ్డు తెరిచాం. లోపలి వేడి మొహానికి కొట్టింది. మొదటి బ్యాటరీ పైనున్న గట్టి ప్లాస్టిక్ డొప్ప అతుకు దగ్గర పగిలి నోరు తెరుచుకుని ఉంది. లోపలి వెండిరంగు సంచీ దిండులా ఉబ్బింది. మూడోది ఇంకా ఘోరం, బల్ల మీద సరిగ్గా నిలబడక ఒరిగిపోయింది. రెండోది మాత్రం కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

అమ్మాయి నావైపు చూడలేదు. నేను చెప్పాను కదా అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. అది ఎర్ర ఇసుక బకెట్టు తెచ్చి, ఉబ్బిన రెండింటినీ జాగ్రత్తగా అందులో పెట్టి, బయటికి తీసుకెళ్ళిపోయింది.

"సూసారా మేడం," అన్నారు సార్, రెండో దాన్ని చూపించి. "ఇది పటానికి సరిగ్గా ఆనింది. అమ్మవారి దయ. మిగతా రెండూ కొంచెం ఎడంగా ఉండుంటాయి."

ఇదిగో, కథ పుట్టిన చోటు ఇదే. మధ్యాహ్నానికి అటెండరు నోటికీ, సాయంత్రానికి హాస్టలు మెస్సుకీ పాకింది.

నేను మాత్రం మల్టీమీటరు తెచ్చాను. ఉబ్బని దాన్ని ఎందుకు కొలిచానంటే, బాగున్నదెందుకు బాగుందో తెలియకపోతే పాడైందెందుకు పాడైందో తెలియదు కాబట్టి. నిండా ఉంటే ఎనిమిదిన్నర వోల్టులకి కాస్త తక్కువ చూపించాలి. ఏడు పాయింటు ఆరు ఎనిమిది చూపించింది. మళ్ళీ కొలిచాను, అంతే. ఉబ్బిన రెండూ ఇంచుమించు నిండుగానే ఉన్నాయి. ఇదొక్కటే సగానికి దిగి ఉంది. సరిగ్గా ఆ అమ్మాయి ఫోనులో చదివిన సగం.

లిథియం బ్యాటరీ పది రోజుల్లో తనంతట తాను సగానికి దిగదు. ఎవరో వాడాలి. అమ్మాయి కారుని తిరగేసి, చక్రాల గాడుల్లో గోరు పెట్టింది.

"మేడం, మీరు పూజకి ముందు మట్టి తీసేసారు కదా?"

"పుల్లతో తీశాను."

"మరిదేటి?"

ఆమె గోటి మీద ఎర్రమట్టి ఉంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సార్ అప్పటికే లేత్ దగ్గర ఎవరినో కేకలేస్తున్నారు.

కానీ అప్పుడు దొంగని వెతికే తీరిక లేదు. శనివారం రేసు. కొత్త బ్యాటరీలు బెంగళూరు నుంచి రావాలి, లిథియం కాబట్టి విమానంలో పంపరు, పది రోజులు. ప్రిన్సిపాలు తెలియగానే పిలిచాడు. "ఒక్క బ్యాటరీతో ఎందుకమ్మా వెళ్ళడం, మానేయండి. కారు వర్క్‌షాపులో పెట్టించెయ్యండి," అన్నాడు. నేను శుక్రవారం దాకా గడువు అడిగాను. తప్పు ఎవరిదని అడిగితే నాదేనని చెప్పాను. నన్ను పదేళ్ళుగా చూస్తున్న ఆయన ఆ మాట విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడు చేశాం, మూడు వారాల క్రితం చెయ్యాల్సిన పని. అమ్మాయి గ్రౌండులో రేసులోలా ఐదు నిమిషాలు నడపాలి. ఆపగానే బ్యాటరీ చార్జరుకి పెట్టి, నిండడానికి ఎంత పట్టిందో చార్జరు తెర మీద చూడాలి. మొదటి రోజు రెండు వేల తొమ్మిదివందలు పట్టింది. ఆ అమ్మాయి రిమోట్ మీది ట్రిగ్గరు పూర్తిగా నొక్కడం, పూర్తిగా వదలడం, అంతే తెలిసినట్టు నడిపింది.

"ఇది లారీ అనుకో," అన్నాను. "డీజిలు నీ డబ్బుతో పోశారనుకో."

"అలగైతే మా నాన్న నడిపినట్టు నడపాలి."

"నడుపు."

రెండో రోజుకి రెండు వేల ఆరువందలు. గురువారానికి రెండు వేల మూడువందలు. విచిత్రం ఏమిటంటే రౌండు సమయం పెరగలేదు, తగ్గింది. మలుపుకి ముందే వేలు వదిలేస్తే కారు జారడం మానేసి నేరుగా పోతోంది. నేను కాగితం మీద గీతలు గీసి చూసుకుంటుంటే ఒంట్లో ఏదో సంతోషం. ఒక పరుగుకి సగం బ్యాటరీయే చాలు. మధ్యలో అరగంట దొరికితే మళ్ళీ నింపుకోవచ్చు. అంటే మూడు బ్యాటరీల కోసం నేను చేసిన యుద్ధం అనవసరం. ఆ సంగతి నేనే ప్రిన్సిపాలుకి చెప్పి, శుక్రవారం సాయంత్రం అనుమతి తెచ్చుకున్నాను.

శనివారం తెల్లారి బస్సులో వెళ్ళాం. కాలేజీ తరఫున ఒక సీనియరు ఉండాలని సార్ కూడా వచ్చారు. అడక్కుండానే వచ్చారు. కారు అమ్మాయి ఒళ్ళో, బ్యాటరీ నా ఒళ్ళో స్టీలు డబ్బాలో.

మొదటి పరుగు బాగానే జరిగింది. పది మంది ఫైనలుకి వెళ్ళాలి, మేం ఏడో స్థానంలో ఉన్నాం. అక్కడ ఒక పద్ధతి ఉంది. తన పరుగు అయ్యాక ప్రతివాళ్ళూ ట్రాకులో నిలబడి, తరువాతివాళ్ళ కార్లు బోర్లాపడితే లేపాలి. అమ్మాయి అటు వెళ్ళింది. నేను చార్జరు దగ్గర కూర్చున్నాను. కారు ముందు చక్రం ఊచ ఒకటి కొంచెం వంగిందని సార్ గమనించి, శ్రావణంతో సరిచేసి, రిమోట్ చేతిలోకి తీసుకున్నారు. పిస్తోలు ఆకారంలో ఉండే ఆ రిమోట్ మీద, చక్రాన్ని అటూ ఇటూ సర్దడానికి గోరంత బటను ఉంటుంది. నాకు అది వెతుక్కోవడానికే వారం పట్టింది. సార్ ట్రాకు వైపు చూస్తూ, వేలితో తడుముకోకుండా, నేరుగా ఆ బటను మీదికి పోయి రెండుసార్లు కుడికి నొక్కారు.

"మొదట్నుంచీ ఎడమకే లాగుతాది ఇది," అన్నారు, తనలో తాను.

నేను చార్జరు తెర వదిలి ఆయన్ని చూశాను. ఆయన రిమోట్ కింద పెట్టేసి, టీ తెస్తానని వెళ్ళిపోయారు.

రెండో పరుగు తరువాత మేం ఎనిమిదో స్థానంలో ఫైనలుకి వెళ్ళాం. ఫైనలు ఎనిమిది నిమిషాలు. గంట విరామం అన్నారు. ఇంతలో పడమట నల్లగా కమ్ముకుంది. ట్రాకు తడిస్తే రేసే లేదని, పావుగంటలో ఫైనలు మొదలుపెడతామని మైకులో చెప్పారు. నేను లెక్క వేశాను. పావుగంటలో చార్జరు పోయగలిగేది పోసినా ఎనిమిది నిమిషాలకి చాలదు. ఒక అర నిమిషం తక్కువ పడుతుంది. కారు ఆగేది ఆఖరి రౌండులో, అందరూ చూస్తుండగా.

"రెట్టింపు కరెంటు పెట్టేయండి మేడం," అన్నారు సార్. "తట్టుకుంటాదని లేబులు మీద ఉన్నాది."

ఉంది. కానీ అదే లేబులు ఐదు వేలని కూడా చెప్పింది. పెడితే బహుశా ఏమీ కాదు. పెడితే బహుశా అదీ ఉబ్బుతుంది, తనిఖీలో ఉబ్బిన బ్యాటరీని రానివ్వరు. నా చెయ్యి చార్జరు మీద ఉంది. ఇరవై రెండేళ్ళలో నేను అలాంటప్పుడు ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. ఆ రోజు తల తిప్పి అమ్మాయిని అడిగాను.

"నువ్వు చెప్పు. ఏం చెయ్యమంటావ్?"

నేను అడిగానని దానికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"పెంచొద్దు మేడం. ఇప్పుడెంతుందో అంతే ఉంచండి. అర నిమిషమే కదా, నాను తగ్గిస్తాను."

"ఎలా తగ్గిస్తావ్?"

"ఘాటు దిగినట్టు."

దిగింది. మంచె మీద పది మంది వరసగా నిలబడ్డారు, తొమ్మిది మంది కుర్రాళ్ళు, మధ్యలో ఇది. మొదటి రెండు నిమిషాలు ఆఖరి నుంచి మూడోది. సార్ నా పక్కన నిలబడి ట్రిగ్గరు తన చేతిలో ఉన్నట్టు వేలు ఆడిస్తున్నారు. "వదులు, వదులు, ఇప్పుడు పట్టు," అని గొణుగుతున్నారు. మూడో నిమిషంలో ముందు రెండు కార్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. మాది నెమ్మదిగా పక్కనుంచి పోయింది. ఐదో నిమిషంలో ఒకదాని చక్రం ఊడింది. ఇంకొకడు దూకుడులో బోర్లాపడి మళ్ళీ లేచేసరికి ఒక రౌండు వెనకబడ్డాడు. ఏడో నిమిషానికి చినుకులు. నేను కారుని చూడడం మానేసి గడియారం చూస్తున్నాను. ఎనిమిది నిమిషాలైందని కూత వినిపించింది. అప్పుడు తలెత్తితే మా బగ్గీ ఇంకా కదులుతూనే ఉంది. గీత దాటి, ఇంకో పది బారలు పోయి, శక్తి చాలక తనే నిలబడిపోయింది.

నాలుగో స్థానం. కప్పు మొదటి ముగ్గురికే. అమ్మాయి మంచె దిగి, వానలో తడుస్తూ వచ్చి కారుని ఎత్తుకుంది.

"ఆగలేదు కదా మేడం?" అంది.

"గీత దాటాక ఆగింది."

"మరింకేటి!" అని, ఫోను తీసి నాన్నకి చేసింది. లారీ హారనుల మధ్య ఆయన ఏం అన్నాడో నాకు వినపడలేదు. ఇది మాత్రం, "నీ లారీ లాగే నడిపాను నాన్నా. లేదు, ఎవులూ పక్కన కూకోలేదు, నానొక్కదాన్నే," అంటోంది.

తిరుగు బస్సులో అది కిటికీకి ఆనుకుని నిద్రపోయింది. నేను సార్ వైపు తిరిగాను.

"ఎడమకి లాగుతుందని మీకెలా తెలుసు సార్? మీరు ఎప్పుడూ నడపలేదుగా, బొమ్మకారుని?"

"వర్క్‌షాపులో ముప్పయ్యేళ్ళున్నాను మేడం. సూస్తే తెలిసిపోతాది."

నిజమే, చూసి కూడా తెలుసుకోవచ్చు. ఆ వారమంతా మేం గ్రౌండులో నడుపుతుంటే ఆయన షెడ్డు గుమ్మంలోంచి చూశారు. కానీ వేలు చూసి నేర్చుకోదు, చేసి నేర్చుకుంటుంది. ఇది సాక్ష్యమని నేను కోర్టులో నిలబడి చెప్పలేను. అందుకే ఆయన పేరు ఎవరికీ చెప్పలేదు. పూజలో పెట్టిన వస్తువు ముట్టుకున్నందుకు మూడు రోజులు మాట మానేసిన మనిషి, తనే ముట్టుకున్నానని ఎలా చెప్తారు? అమ్మవారి దయ అనడం తేలిక.

ఆ అమ్మాయి ఇప్పుడు పూణేలో ఒక బ్యాటరీ కంపెనీలో పనిచేస్తోంది. లిథియం రకమే. అప్పుడప్పుడు ఫోను చేసి నన్ను సందేహాలు అడుగుతుంది, నాకు తెలియదని తెలిసే అడుగుతుంది. ఒకసారి నేనే అన్నాను, ఆ రోజు షెడ్డులో అందరి ముందూ నీ నోరు నొక్కేశాను, తప్పు నాదని. "తెలుసు మేడం," అంది. అంతకంటే ఇంకేం అనాలి?

సార్ రిటైరై విజయనగరంలో స్థిరపడ్డారు. పోయినేడు ఫోను చేశాను. కుశలాలయ్యాక సూటిగా అడిగాను. "సార్, ఇద్దరం ఉద్యోగాలు వదిలేశాం. ఇప్పుడైనా చెప్పండి. ఆ దసరాకి కారు నడిపింది మీరేనా?" అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. తరువాత, "మీ మోకాళ్ళు ఎలగున్నాయి మేడం?" అన్నారు.

అది నాకు అవుననే వినిపించింది. మీకు ఎలా వినిపించిందో మీ ఇష్టం. నడిపింది ఎవరన్నది ఇప్పుడు నాకు పెద్ద విషయం కాదు. నన్ను తొలిచేది వేరే. నడుపుకునేవాడు ఎవడైనా బ్యాటరీ చచ్చేదాకా నడుపుతాడు, లేకపోతే రెండు చుట్లు తిప్పి పెట్టేస్తాడు. సరిగ్గా సగం దగ్గర ఎందుకు ఆపారు? నేను నోరు నొక్కేసిన ఆ పిల్ల మాట, లేత్‌కి నూనె రాస్తూ మీరొక్కరే చెవిన వేసుకున్నారా సార్? కాపాడాలనే మీ ఉద్దేశమైతే మిగతా రెండింటినీ ఎందుకు వదిలేశారు? లేకపోతే అదేం కాదు, బొమ్మకారంటూ వెక్కిరించిన దానితో ఖాళీ గ్రౌండులో ఒక్కరే ఆడుకుంటూ, ఎవరో వస్తున్న అలికిడికి ఆపేశారా?